తప్పు లేదన్నారు, అయినా దిద్దారు

పార్లమెంటు సమావేశాలు ముగిసిన వారంలో ఢిల్లీ విలేఖరికి వార్తలు ఉండవు. వదంతులు మాత్రం దండిగా ఉంటాయి. ఆ వదంతులకు కాస్త మర్యాదైన దుస్తులు తొడిగి పంపించడం ఈ వృత్తిలో చిరకాలంగా సాగుతున్న ఆచారం. ఈ వారం ఆ ఆచారాన్ని తప్పి, రాజధానికి దూరంగా, జంషెడ్పూరులోని బిర్సానగర్ అనే వాడలో నాలుగు రోజులు గడిపి వచ్చిన సంగతి పాఠకులతో ముచ్చటించదలచాను. వెళ్ళినది బంధుకృత్యం మీదనే. తిరిగి వచ్చే సమయానికి మాత్రం, ప్రెస్ గ్యాలరీలో కూర్చుని నేను కళ్ళారా చూసిన ఒక శాసనం మీద నాకున్న నమ్మకం కొంత సడలింది.

జంషెడ్పూరుకూ మన ఉత్తరాంధ్రకూ గల బాంధవ్యం కొత్తది కాదు. 1907లో టాటా ఉక్కు సంస్థ వెలసిన తరువాత గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుండి కూలికై తరలివెళ్ళిన కుటుంబాలు తరాల తరబడి అక్కడే వేళ్ళూనుకున్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరంలో ఏ పండుగనాడు నిలబడినా సిక్కోలు యాస చెవిని పడుతుంది. మా పెద్దక్క అత్తవారు ఆ కోవలోని వారే. మా బావగారు టెల్కోలో అప్రెంటిసుగా చేరి, ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేశారు. 1945లో రైలు ఇంజన్ల తయారీ కోసం పుట్టి, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల నిర్మాణానికి దిగిన ఆ కర్మాగారం పేరు 2003లో టాటా మోటార్స్‌గా మారింది గాని, బావగారి నోట అది నేటికీ టెల్కోయే.

ఆ కర్మాగారం పొరుగునే ఉన్న విశాలమైన వాడ బిర్సానగర్. ఆదివాసీ వీరుడు బిర్సా ముండా పేరు పెట్టుకున్న ఈ వాడను జోన్ల కింద విభజించారు. ఇంటి చిరునామా అడిగితే వీధి పేరు చెప్పరు, జోన్ నంబరు చెబుతారు. చాలా ఇళ్ళకు యాజమాన్య హక్కు పత్రాలు లేవు. 'మాలికానా హక్' అన్న నినాదం వినిపించకుండా ఇక్కడ ఎన్నిక జరగదు. ముఖ్యమంత్రిగా ఉన్న రఘువర్ దాస్‌ను 2019లో సరయూ రాయ్ ఓడించిన జంషెడ్పూర్ తూర్పు నియోజకవర్గంలోనిదే ఈ వాడ. ఇంటికి పట్టా లేనివాడికి గృహరుణం దొరకడం కష్టం; కారుకు మాత్రం అప్పు తేలికగా దొరుకుతుంది. మా మేనల్లుడి కథ అక్కడే మొదలైంది.

అతడు 2023 మార్చిలో సుమారు 19 లక్షల రూపాయలు వెచ్చించి ఒక హైబ్రిడ్ కారు కొన్నాడు. అద్దె బండిగా పసుపు పలక తగిలించి, రాంచీ విమానాశ్రయానికీ ఆసుపత్రులకూ స్వయంగా తోలుకుంటున్నాడు. పెట్రోలు ఖర్చు నిజంగానే తగ్గింది. ఆ సంగతి అతడు ఈనాటికీ కాదనడు. తయారుచేసిన కంపెనీ పేరు ఇక్కడ రాయను. వివాదం ఇంకా తేలలేదు. ఒక పక్షం మాట మాత్రమే విన్నవాడిని నేను.

బండి మూడుసార్లు ఆగింది. మొదటిది 2024 ఆగస్టులో, సాక్చీ కూడలి వద్ద. ఎదుటి తెర మీద హైబ్రిడ్ వ్యవస్థను పరీక్షించుకోవలసిందిగా హెచ్చరిక వెలిగి, బండి చచ్చుబడింది. ఆపి, మళ్ళీ మీట నొక్కితే ఏమీ జరగనట్లు కదిలింది. రెండవది 2025 జనవరిలో, మాన్గో వంతెన మీద. మూడవది ఆ ఏటి జూలైలో, రాంచీ రహదారిపై, చాండిల్ దాటిన తరువాత, రాత్రి వేళ, జోరువానలో. వెనుక సీటులో గుండెజబ్బు మనిషి ఒకరు, ఆయన భార్య ఉన్నారు. ఇద్దరూ ఆ వాడవారే. బండి కుడివైపు వరుసలో ఉండగా శక్తి పోయింది. పక్కకు లాగేందుకు కూడా వేగం మిగలలేదు. వెనుక వస్తున్న లారీ చివరి క్షణంలో తప్పుకున్నది; అద్దం ఒకటి ఎగిరిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు.

మూడుసార్లూ బండిని సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళారు. మూడుసార్లూ కంప్యూటరు తగిలించి చూశారు. లోపం ఏదీ కనబడలేదన్నారు. మూడవసారి పదకొండు రోజులు ఉంచుకుని, ఉచితంగానే, తిరిగి ఇచ్చారు. ఆ కాగితం మా బావగారు నా ముందు పరిచారు. లోపం కనబడలేదు అన్న వాక్యం కిందనే, సాఫ్ట్‌వేర్ నవీకరించబడింది అని మరో వాక్యం ఉన్నది.

"ఏటి బావా, నువ్వు ఇంగ్లీషు చదువుకున్నోడివి, చెప్పు. తప్పు లేనప్పుడు దిద్దింది దేన్ని?" అని అడిగారు బావగారు.

ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నవాడికి ఆ రెండు వాక్యాల మధ్య గల అగాధం అర్థమవుతుంది గాని, కారు లోపలి సంగతి అర్థం కాదు. అందుచేత ఆ రాత్రి పొద్దుపోయేదాకా వారిద్దరి ముందూ విద్యార్థిగా కూర్చున్నాను.

పాత లారీలో కాలికింది పెడలుకూ ఇంజనుకూ మధ్య ఒక తీగయో కడ్డీయో ఉండేది. కాలు అదిమితే అది కదిలేది. తెగితే తెగినట్టు కంటికి కనబడేది. బావగారి తరం మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ బేరింగు అరిగిందో శబ్దాన్ని బట్టి చెప్పేవారు. హైబ్రిడ్ కారులో ఆ విద్యకు తావు లేదు. పెట్రోలు ఇంజను ఒకటి, మోటారుగానూ జనరేటరుగానూ పనిచేసే విద్యుత్ యంత్రాలు, పెద్ద బ్యాటరీ, బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్లు మార్చే ఇన్వర్టరు. వీటిలో ఏది ఎప్పుడు ఎంత పనిచేయాలో క్షణక్షణమూ నిర్ణయించే కంప్యూటర్లు. డ్రైవరు పెడలు అదిమినప్పుడు ఆజ్ఞ ఇవ్వడం లేదు, విన్నపం చేసుకుంటున్నాడు. మంజూరు చేసేది కంప్యూటరు. బ్రేకు సంగతీ అంతే. కొంత నిరోధాన్ని మోటారు తిరగబడి కల్పిస్తుంది, ఆ శక్తిని బ్యాటరీలో దాస్తుంది. మిగిలినది మామూలు నూనె బ్రేకులు చూసుకుంటాయి. ఆ వాటాలు పంచేదీ కంప్యూటరే.

ఇందులో అనర్థం ఉన్నదని గగ్గోలు పెట్టడం నా ఉద్దేశం కాదు. అమెరికాలో వినియోగదారుల పక్షాన పరీక్షలు జరిపే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2023లో వెల్లడించిన సర్వే ప్రకారం, మామూలు పెట్రోలు కార్ల కంటే హైబ్రిడ్లలో ఇబ్బందులు 26 శాతం తక్కువ. సగటున ఇవి మంచి బండ్లే. అయితే చాండిల్ దగ్గర వానలో ఆగినవాడికి సగటుతో పని ఏమున్నది?

హైబ్రిడ్లకు ఆద్యురాలైన టయోటా కంపెనీ అనుభవమే ఇక్కడ పరిశీలింపదగినది. 2010 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ప్రియస్ మొదలైన హైబ్రిడ్లు సుమారు 4,37,000 ప్రపంచవ్యాప్తంగా వెనక్కు పిలిపించింది. గతుకుల మీదో జారుడు నేల మీదో బ్రేకు వేసినప్పుడు, మోటారు నిరోధం నుండి నూనె బ్రేకుకు మారే సంధికాలంలో లిప్తపాటు బ్రేకు పట్టనట్లు తోచేది. అది డ్రైవరుకు కలిగే అనుభూతిలో తేడా మాత్రమేనని మొదట కంపెనీ అన్నది. కొద్దిరోజులకే సాఫ్ట్‌వేర్ మార్చింది.

అంతకంటే బోధపరచగలది తరువాతి కథ. ప్రియస్‌లో సుమారు 200 వోల్టుల బ్యాటరీ విద్యుత్తును 650 వోల్టుల దాకా పెంచే పరికరం ఒకటున్నది. దానిని నడిపే సాఫ్ట్‌వేర్ అమరిక వల్ల అందులోని ట్రాన్సిస్టర్లు మితిమీరి వేడెక్కి దెబ్బతినవచ్చునని గుర్తించి, 2014 ఫిబ్రవరిలో 19 లక్షల కార్లను వెనక్కు పిలిపించి సాఫ్ట్‌వేర్ దిద్దారు. లోపం తలెత్తినా బండి పూర్తిగా ఆగిపోకుండా, తక్కువ శక్తితోనైనా రోడ్డు పక్కకు చేరేందుకు వీలుగా కుంటినడక పద్ధతి ఒకటి ఈ కార్లలో ఉంటుంది. అంతటితో కథ ముగియలేదు. 2018 అక్టోబరులో 24 లక్షల పైచిలుకు హైబ్రిడ్లను మళ్ళీ పిలిపించవలసి వచ్చింది. కారణం ఏమనుకున్నారు? లోగడ దిద్దినవారు ఊహించని ఒకానొక పరిస్థితిలో, బండి ఆ కుంటినడకకైనా మారకుండా ఉన్నపళంగా శక్తి కోల్పోయి ఆగిపోవచ్చునని తేలింది. దిద్దుబాటుకే దిద్దుబాటు. ఇవన్నీ కంపెనీ స్వయంగా ప్రకటించినవి. అందుకు దానిని మెచ్చుకోవలసిందే. మా మేనల్లుడి బండి ఆ కంపెనీదని గాని, అందులోనిది ఇదే లోపమని గాని నేను అనడం లేదు. లోపం లేదన్న మాటకు కాలపరిమితి ఎంతో చెప్పడానికే ఈ ఉదాహరణ.

అదే కాలంలో అదే కంపెనీ మామూలు పెట్రోలు కార్లపై మరో వివాదం నడిచింది. బండి తనంత తాను వేగం పుంజుకుంటున్నదని అమెరికాలో వేల ఫిర్యాదులు. 2010 ఫిబ్రవరి 24న కంపెనీ అధినేత అకియో టొయోడా స్వయంగా వాషింగ్టన్ వెళ్ళి ప్రతినిధుల సభ కమిటీ ముందు కూర్చుని, క్షమాపణ చెప్పి, సభ్యుల ప్రశ్నలకు సమాధానమిచ్చారు. మన పార్లమెంటరీ కమిటీల గదుల బయట గంటల తరబడి పడిగాపులు పడిన నాకు, ఆ విచారణ బహిరంగంగా, టెలివిజన్‌లో జరగడం అసూయ కలిగించింది. దరిమిలా అంతరిక్ష సంస్థ నాసా ఇంజనీర్లు 2,80,000 వరుసలకు పైగా ఉన్న కారు సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించారు. ప్రమాదకర వేగానికి ఎలక్ట్రానిక్ వ్యవస్థ కారణమన్న రుజువు దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వెలువడింది. రుజువు దొరకనంత మాత్రాన అది అసంభవమని అర్థం కాదని కూడా నాసావారు జాగ్రత్తగా రాశారు. అడుగు తివాచీలు, అంటుకుపోయే పెడళ్ళు, డ్రైవర్ల పొరపాట్లు. ఇవే కారణాలని ప్రభుత్వం చెప్పింది.

ఐతే 2013 అక్టోబరులో ఓక్లహోమా రాష్ట్రంలో ఒక జ్యూరీ ఎదుట వేరే చిత్రం ఆవిష్కృతమైంది. 2007లో ఒక మహిళ ప్రాణం కోల్పోయిన ప్రమాదంపై దావా అది. మైకేల్ బార్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడూ ఆయన సహచరులూ, కోర్టు ఆంక్షలకు లోబడి, తాళం వేసిన గదిలో నెలల తరబడి ఆ కోడును చదివారు. కంప్యూటరు స్మృతిలో ఒక్క బిట్టు తారుమారైనా ఒక ముఖ్యమైన కార్యక్రమం నిశ్శబ్దంగా చచ్చిపోగలదనీ, ఆ చావు ఎక్కడా నమోదు కాదనీ ఆయన సాక్ష్యమిచ్చారు. జ్యూరీ 30 లక్షల డాలర్ల పరిహారం విధించింది. దండనరూపమైన పరిహారం నిర్ణయించకముందే కంపెనీ రాజీ చేసుకున్నది. ఎలక్ట్రానిక్ లోపం లేదన్న తన వాదనను మాత్రం విడిచిపెట్టలేదు. 2014 మార్చిలో అమెరికా న్యాయశాఖకు అది చెల్లించిన 120 కోట్ల డాలర్లు సాఫ్ట్‌వేర్ నిమిత్తం కాదు. తివాచీలు, పెడళ్ళ విషయంలో ప్రజలను తప్పుదారి పట్టించినందుకు. ఈ తేడాను కావాలని చెబుతున్నాను, రెండింటినీ కలిపి రాసిన వ్యాసాలు కొల్లలుగా ఉన్నాయి గనుక.

యంత్రంలో లోపానికీ సాఫ్ట్‌వేర్ లోపానికీ గల మౌలికమైన భేదం నాకు బోధపడినది బిర్సానగర్‌లోనే. బావగారు చెప్పిన తీరు ఇది: వంద ఇరుసులు పోత పోస్తే ఒకటి బుడగతో వస్తుంది, ఆ ఒక్కటే విరుగుతుంది, విరిగిన ముక్కను బల్ల మీద పెట్టి చూపవచ్చు. సాఫ్ట్‌వేర్ అరగదు, తుప్పు పట్టదు, విరగదు. ఒకే ప్రతిని లక్ష కార్లలో ఎక్కిస్తారు. తప్పు ఉంటే లక్ష కార్లలోనూ ఉంటుంది. ఐనా అది బయటపడేది, ఇంత వేడి, ఇంత వోల్టేజీ, ఈ క్షణాన ఈ రెండు సంకేతాలు అన్న సంయోగం కుదిరిన నాలుగైదు బండ్లలోనే. మళ్ళీ మీట నొక్కగానే ఆ సంయోగం చెదిరిపోతుంది. సర్వీసు కేంద్రంవారు అబద్ధం చెప్పారని నేను అనుకోను. వారి కంప్యూటరు ముందు నిలబడినప్పుడు ఆ బండిలో నిజంగానే ఏ లోపమూ లేదు.

ఇక మన శాసనం సంగతికి వస్తాను.

మోటారు వాహనాల సవరణ బిల్లు 2016లో ప్రవేశపెట్టబడి, లోక్‌సభ దాటి, రాజ్యసభ సెలెక్టు కమిటీలో నలిగి, సభ రద్దుతో మురిగిపోయి, 2019 జూలైలో పునర్జన్మ ఎత్తింది. జూలై 31న రాజ్యసభ దానిని ఆమోదించిన నాడు నేను గ్యాలరీలో ఉన్నాను. రాష్ట్రాల హక్కులు, లైసెన్సులు, జరిమానాలు. చర్చంతా వీటి చుట్టూనే తిరిగింది. లోపభూయిష్టమైన వాహనాలను వెనక్కు పిలిపించే అధికారాన్ని కేంద్రానికి మొట్టమొదటిసారి కట్టబెట్టిన 110ఏ సెక్షను గురించి పలికిన మాటలు బహు స్వల్పం. నేను రాసిన వార్తలో కూడా దానికి దక్కినది ఒకే ఒక వాక్యమని పాత కత్తిరింపు తీసి చూసుకుంటే తెలిసింది. అచ్చుతప్పులు సవరించవలసి వచ్చి ఆ బిల్లు మళ్ళీ లోక్‌సభకు వెళ్ళిన వైనం మాత్రం నవ్వుతూ రెండు పేరాలు రాశాను.

ఆ సెక్షను చదివితే బలంగానే ఉంటుంది. చోదకునికో, ప్రయాణికులకో, బాటసారులకో, పర్యావరణానికో హాని కలిగించగల లోపం ఉంటే ఆ రకం వాహనాలన్నింటినీ వెనక్కు పిలిపించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. కంపెనీ ధర వాపసు చేయాలి, లేదా మార్చి ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. ఉల్లంఘించిన తయారీదారుకు ఏడాది జైలు, 100 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించడానికి వేరే సెక్షను ఉన్నది. 2021 ఏప్రిల్ 1 నుండి నిబంధనలు అమలులోకి వచ్చాయి. చిక్కు అక్కడ ఉన్నది. ఏడేళ్ళలోపు వాహనాలకే ఇవి వర్తిస్తాయి. ఏటా ఎన్ని బండ్లు అమ్ముడవుతాయో దాన్ని బట్టి ఇన్ని ఫిర్యాదులు అని లెక్క కట్టారు. ఆ లెక్క నిండితే విచారణ కదులుతుంది. ఇరుసు విరిగే లోపానికి ఈ గణితం సరిపోవచ్చు. లక్ష బండ్లలో ఉండి నాలుగింటిలో మాత్రమే మెరిసి మాయమయ్యే లోపానికి ఎన్ని ఫిర్యాదులు పోగుపడతాయి? ఆ నలుగురిలోనూ లోపం లేదన్న కాగితం చేతబట్టుకుని ఫిర్యాదు చేసే సాహసం ఎందరికి ఉంటుంది?

కంపెనీలు తమంత తాము వెనక్కు పిలిపించడం మన దేశంలోనూ జరుగుతున్నది. 2023 జనవరిలో మారుతి కంపెనీ గాలిసంచుల నియంత్రణ పరికరం కోసం 17,362 కార్లను పిలిపించింది. 2025 నవంబరులో గ్రాండ్ విటారా రకంలో పెట్రోలు ముల్లు తప్పు చూపవచ్చునని 39,506 బండ్లను పిలిపించింది. మంచిదే. కంపెనీ ఒప్పుకున్నప్పుడు అంతా సజావుగానే సాగుతుంది. ఒప్పుకోనప్పటి మాటేమిటన్నదే ప్రశ్న.

తెలుగునాట 2022 ఏప్రిల్‌లో జరిగినది పాఠకులు మరచిపోయి ఉండరు. నిజామాబాదులో ఒక వృద్ధుడు, మరి మూడు నాలుగు రోజులకే విజయవాడలో ఒక యువ గృహస్థుడు, ఇంట్లో ఛార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు పేలి మరణించారు. నిర్లక్ష్యం వహించిన కంపెనీలపై భారీ జరిమానాలు, వాహనాల ఉపసంహరణ తప్పవని రవాణా మంత్రి నితిన్ గడ్కరీ ఆ వారంలోనే హెచ్చరించారు. నిపుణుల కమిటీ వేశారు. కొన్ని కంపెనీలు వేలాది స్కూటర్లను తమంత తామే పిలిపించాయి. బ్యాటరీ భద్రతా ప్రమాణాలను సవరించి, 2022 డిసెంబరు నుండి దశలవారీగా అమలులో పెట్టారు. బ్యాటరీని కనిపెట్టి ఉండే ఎలక్ట్రానిక్ యంత్రాంగానికి కూడా అందులో షరతులు విధించారు. ప్రభుత్వం కదలలేదని ఎవరూ అనలేరు. కానీ దానిని కదిలించినది శవాలు. రెండు శవాలు లెక్కకు తక్కువే అయినా కంటికి కనబడ్డాయి. చాండిల్ వద్ద లారీ తప్పుకున్నది గనుక మా మేనల్లుడి బండి ఎవరి కంటికీ కనబడలేదు.

పోనీ, వినియోగదారుల చట్టం ఉన్నది కదా అంటారు. చిత్రమేమంటే మోటారు వాహనాల సవరణకూ, కొత్త వినియోగదారుల రక్షణ చట్టానికీ రాష్ట్రపతి ఆమోదముద్ర పడినది ఒకే రోజున, 2019 ఆగస్టు 9న. ఆ చట్టంలో ఉత్పత్తిదారుడి బాధ్యత అని ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చారు. రూపకల్పనలో లోపానికి కూడా తయారీదారుడు జవాబుదారీ అని అందులో ఉన్నది. సంతోషించి నిర్వచనాల దగ్గరకు వెళ్ళాను. హాని అంటే మనిషికి గాయమో, మరణమో, ఇతర ఆస్తికి నష్టమో జరగాలి. ఆ వస్తువుకే జరిగిన నష్టం హాని కింద రాదు, కేవల ఆర్థిక నష్టమూ రాదు. ఎగిరిపోయిన అద్దం కారుదే. గుండెజబ్బు మనిషి క్షేమం. అనగా ఆ రాత్రి లారీ తప్పుకోకపోయి ఉంటే ఈ అధ్యాయం వర్తించేది.

మిగిలినది మామూలు లోపం కింద జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు. అద్దె బండి గనుక వ్యాపారం కోసం కొన్నావంటారేమో అన్న భయం అక్కర్లేదు. స్వయం ఉపాధితో బతుకు తెరువుకై కొన్నవాడిని చట్టం వినియోగదారుడిగానే పరిగణిస్తుంది. నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. పది లక్షలకు పైబడి 20 లక్షల లోపు వెల గల వస్తువుకు రుసుము 400 రూపాయలు మాత్రమే. అసలు ఇబ్బంది రుజువు. పరీక్ష లేకుండా తేలని లోపమైతే వస్తువు నమూనాను ముద్రవేసి తగిన ప్రయోగశాలకు పంపాలనీ, 45 రోజులలో నివేదిక రావాలనీ చట్టం చెబుతుంది. ఖర్చు ఫిర్యాదుదారుడినే జమకట్టమనవచ్చు. నూనె, పిండి, ఎరువు తలచుకుని రాసిన సెక్షను అది. 1986 నాటి చట్టం నుండి దాదాపు యథాతథంగా దిగింది. సాఫ్ట్‌వేర్‌ను ఏ సీసాలో పోసి ముద్ర వేయాలి? ఒకవేళ పరీక్షకు పంపినా, అది జూలై నాటి సాఫ్ట్‌వేర్ కాదు, నవీకరించారు. సాక్ష్యాన్ని దిద్దుబాటే తుడిచివేసింది. ఆ రాత్రి కారు స్మృతిలో ఏమి నమోదైనదో ఇమ్మని మావాడు రెండుసార్లు రాశాడు, జవాబు రాలేదు. అమెరికాలో ప్రమాదవేళ సమాచారాన్ని నమోదు చేసే పెట్టెలోని వివరాలు కారు యజమానికే చెందుతాయని 2015లోనే చట్టం చేశారు. ఐరోపాలో 2024 జూలై నుండి కొత్తగా అమ్మే ప్రతి కారులోనూ ఆ పెట్టె ఉండి తీరాలి.

ఢిల్లీలో హైబ్రిడ్ల మాట వినబడనిది కాదు. కాకపోతే ఆ మాటంతా పన్నుల గురించి. సెస్సుతో కలిపి 43 శాతం పన్ను ఎక్కువని ఒక వర్గం, తగ్గిస్తే విద్యుత్ కార్లు దెబ్బతింటాయని మరో వర్గం, ఏళ్ళ తరబడి మంత్రుల గుమ్మాలు తొక్కాయి. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్ రిజిస్ట్రేషను పన్ను రద్దు చేస్తే అది పెద్ద వార్త. 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. మార్పులతో పెద్ద బండ్లకు 40, చిన్నవాటికి 18 శాతంగా లెక్క కుదిరింది. ఇంత ప్రోత్సాహమిస్తున్న వస్తువుకు లోపల కూర్చున్న కంప్యూటరు మాట తప్పితే ఎవరు తేల్చాలి అని అడిగిన వారిని ఈ చర్చల్లో నేను చూడలేదు. అడగనివారిలో నేనూ ఉన్నాను.

బిర్సానగర్ ఇంట్లో నేనున్న మూడవనాడు తండ్రీకొడుకుల మధ్య మాట పెరిగింది. పాత బండ్ల వ్యాపారి ఒకడు వచ్చి, ఎనిమిది లక్షల డెబ్బై ఐదు వేలు ఇస్తానన్నాడు. సర్వీసు కాగితాలు చూశాడు. లోపం లేదని ఉన్నది గనుక బేరమాడడానికి కూడా అతడికి సాకు దొరకలేదు. బ్యాంకు బాకీ ఇంకా పది లక్షలకు పైనే ఉన్నది. నెలకు 24 వేల పైచిలుకు వాయిదా. జూలై తరువాత మావాడు ఆ బండిని రాంచీ దారి పట్టించలేదు, ఊళ్ళోనే తిప్పుతున్నాడు, రాబడి సగమైంది.

"అమ్మేస్తాను మావయ్యా. మిగతాది ఎలాగో తీర్చుకుంటాను. కాగితం మీద తప్పు లేదు కదా, నేను ఎవరినీ మోసం చేసినట్టు కాదు" అన్నాడు నా వంక తిరిగి.

"కాగితం మీద లేదురా. నీ కడుపులో ఉంది కదా" అన్నారు బావగారు. "ఇంకొకడి పిల్లల్ని ఎక్కించి పంపిస్తావేటి?"

"మరి నా పిల్లల మాటేటి నాన్నా?"

మా అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మధ్యవర్తిత్వం చేయలేకపోయాను. రాజకీయ పక్షాల మధ్య రాయబారాలు చూసి చూసి, ఎవరో ఒకరిది తప్పై ఉంటుందని అలవాటు పడ్డాను. ఇక్కడ ఇద్దరి మాటా న్యాయంగానే ఉన్నది. వ్యాపారి రెండు రోజులు గడువిచ్చి వెళ్ళాడు.

ఆ రాత్రి బావగారు ఒక డైరీ తెచ్చి నా ముందు పెట్టారు. టెల్కోలో షిఫ్టు రాసుకున్న అలవాటు ఆయనను విడిచిపోలేదు. బండి ఆగిన మూడు రోజులూ, వేళ, ప్రదేశం, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు, వాన ఉన్నదీ లేనిదీ, ఎత్తు ఎక్కుతున్నదా దిగుతున్నదా, బ్యాటరీ గుర్తులో ఎన్ని గీతలు వెలిగి ఉన్నవీ, కొడుకును అడిగి అడిగి రాసి ఉంచారు. మూడుసార్లూ బండి బ్రేకు వేసిన వెంటనే మళ్ళీ వేగం పుంజుకోబోతుండగానే ఆగిందన్న సంగతి కింద ఎర్ర సిరాతో గీత గీశారు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకునే వీలు లేని చోట ఆ మనిషి చేయగలిగినది అది.

జిల్లా కమిషన్‌కు ఒక ఫిర్యాదు, కేంద్ర రవాణా శాఖకు ఒకటి, ఇంగ్లీషులో నన్ను రాసిపెట్టమన్నారు. ముప్పై ఏళ్ళుగా మంత్రుల సమాధానాలను తెలుగు చేస్తున్నవాడిని, ఒక లోపాన్ని ఇంగ్లీషు చేయడానికి తెల్లవారుజాము దాకా కూర్చున్నాను. లోపం స్వరూపమేమిటో రాయవలసిన చోట కలం ఆగిపోయింది. తెలియని దానికి పేరు పెడితే ప్రతివాది న్యాయవాది ఆ పేరునే పట్టుకుని చీల్చుతాడు. చివరకు పేరు పెట్టలేదు. డైరీలోని మూడు పుటలనూ తారీఖులతో సహా అలాగే దింపి, లోపం లేదు, సాఫ్ట్‌వేర్ నవీకరించబడింది అన్న రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి ఎత్తి రాసి, మార్చకముందు ఉన్నదీ మార్చిన తరువాత ఉన్నదీ రెండింటినీ కంపెనీ కమిషన్ ఎదుట దాఖలు చేయాలని కోరాను.

మర్నాడు ఉదయం మేనల్లుడు సంతకం చేశాడు. వ్యాపారికి ఏమి చెప్పాడో నాకు తెలియదు, నేను అడగలేదు. నన్ను టాటానగర్ స్టేషనుకు దింపడానికి బండి బయటకు తీయబోతే, బావగారు వద్దని చెప్పి ఆటో పిలిచారు.